ముప్ఫైకి పదకొండు

ఆ రోజు కూడా బొరుగులు ముద్దయ్యాయి.

వారంలో ఇది మూడోసారి. పొడిపొడిగా ఉండాల్సిన బొరుగులు గంగాళం అడుగున అంబలిలా చేరి ఉన్నాయి. బయట బెంచీల మీద ఆటోవాళ్ళు, మార్కెట్టు హమాలీలు ఆ బొరుగులతో చేసే ఉగ్గాణి కోసం కాచుకుని కూర్చున్నారు. మిరపకాయ బజ్జీలు వేగి బుట్టలోకి ఎక్కేశాయి గానీ, కర్నూల్లో ఉగ్గాణి లేకుండా ఉత్త బజ్జీ పెడితే తినేవాడెవడు?

"సూడండప్పా, అందురూ సూడండి!" రామలక్ష్మమ్మ గంగాళాన్ని రెండు చేతులా వంచి చూపించింది. "నేను ఒగసారి ముంచి, పిండి పెట్టి, అట్ల పెరట్లోకి పోయి వచ్చేలోపల ఎవురో మళ్ళా నీళ్ళు పోసినారు. ఎవురు పోసింటారు? దెయ్యాలు పోసినాయా?"

దెయ్యాలు అన్నప్పుడు ఆమె చూపు కోడలి మీదే ఉంది.

శ్రావణి మూకుడు కింద మంట తగ్గించి, జల్లిగరిటెతో నూనెలో తేలుతున్న పిండి తునకలు ఏరుతూ నిలబడింది. ఆ మౌనం చూస్తేనే రామలక్ష్మమ్మ కూతురు నాగజ్యోతికి ఒళ్ళు మండింది. తప్పు చేయని మనిషి అరుస్తుంది, ఏడుస్తుంది, కనీసం కళ్ళెత్తి చూస్తుంది. ఈ పిల్ల మాత్రం కుక్కిన పేనులా ఉంటుంది.

తమ్ముడు ఓబుళేశు ఫోను చేయగానే సెలవు పెట్టి, నిన్న సాయంత్రమే కడప నుంచి దిగింది నాగజ్యోతి. అక్కడ ఓ బడిలో నాలుగో తరగతికి టీచరు. ఇరవై రెండేళ్ళుగా పిల్లల దొంగతనాలు పట్టుకుంటున్న మనిషి. ఈ ఇంట్లో దొంగను పట్టుకోవడం ఓ లెక్కా అనుకుంది. అందుకే తెల్లవారి ఐదింటికే లేచి, వరండాలో దుప్పటి కప్పుకుని కాపు కాసింది. దొరికింది కూడా.

"శ్రావణీ," అంది మెల్లగా. "పొద్దున ఐదింటికి వంటింట్లో నుంచి తడి చేతుల్తో బయటికొచ్చింది నువ్వు కాదా?"

మూకుడు దగ్గర జల్లిగరిటె ఆగింది.

"నేనే వదినా."

"ఆ టైములో నీకేం పని ఆ గంగాళం తావ?"

శ్రావణి వదినను తేరిపార చూసింది. "చూసింది చెప్పు వదినా. చూడంది చెప్పొద్దు."

"ఇన్నావా! ఇన్నావా దాని పొగరు!" రామలక్ష్మమ్మ గంగాళాన్ని దభాలున కింద పెట్టింది. "ఉగాదికే అనె గదా, హోటలు ఎత్తేసి బేకరీ పెడదామని. నేను పొయ్యి దిగితే గదా దానికి బేకరీ! అందుకే నన్ను మతి లేనిదాన్ని చేస్తాండాది."

బయట బెంచీల మీద ఎవరో గొంతు సవరించుకున్నారు. ఇంటి గుట్టు రచ్చకెక్కడమంటే ఇదే మరి. వచ్చినవాళ్ళు ఉత్త టీలు తాగి, చెవులు మాత్రం నింపుకుని పోయారు.

ఓబుళేశు షట్టరు సగానికి దించి లోపలికొచ్చాడు. తల్లి మాట కొట్టేయలేడు, పెళ్ళాం మాట నమ్మలేడు. నెల రోజుల్లో మనిషి సగమయ్యాడు. జేబులో నుంచి మడతలు పడిన కాగితం తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇదక్కా ఆ కాయితం."

పోయిన నెలలో ఓ కల్యాణమండపంలో మతిమరుపు శిబిరం పెట్టారు. శ్రావణి అత్తను బీపీ చూపిస్తానని చెప్పి అక్కడికి తీసుకుపోయింది. పది నిమిషాల్లో పరీక్ష ముగించి, మార్కులు వేసి పంపారు. కాగితం పైన ఎర్ర ఇంకుతో ఉంది: ముప్ఫైకి పదకొండు.

నాగజ్యోతి ప్రశ్నలు ఒక్కొక్కటే చదివింది. చదివేకొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది.

"ఇదేం పరీక్షరా? ఒక వాక్యం రాయండి, సున్నా. గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది చూపించండి, సున్నా. ఈ నెల పేరు చెప్పమంటే ఆరుద్ర అన్నిందంట, దానికీ సున్నా. అమ్మ జల్మలో ఎప్పుడన్నా పెన్ను పట్టిందా? గడియారం చూసిందా? కార్తెలు తప్ప నెలలు ఎరుగుతుందా? మా బడిలో ఒగటో తరగతి పిల్లోనికి పదో తరగతి పేపరిచ్చి ఫెయిలు చేస్తే ఆ పిల్లోడు మొద్దా, పేపరిచ్చినోడు మొద్దా?"

ఈ ఒక్క మాటలో నాగజ్యోతి తప్పేమీ లేదు. ఆ మాట పలికిన గొంతులో మాత్రం కోపం కంటే సంబరమే ఎక్కువ వినిపించింది. మరదలి చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం చిత్తు కాగితమని తేలిపోయింది మరి.

"తెలిసే తీసుకపోయినావు గదా శ్రావణీ? చదువు రాని మనిషి ఈ పరీక్షలో తప్పుతుందని నీకు తెల్దా? డిగ్రీ చదివినదానివి!"

"తెల్దు వదినా. ఏదో ఒకటి చూపించల్లని తీసుకపోయినా."

"ఇంగ చాలు," అన్నాడు ఓబుళేశు. "సాయంత్రం శ్రావణి వాళ్ళ నాయన కోసిగి నుంచి వస్తాండాడు. అందరి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తాది. చేయకుంటే ఆయన వెంబడి పోతాది. నాకు ఇంగ శాతకాదు."

మండే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పుతూ చెప్పిన మాట అబద్ధమైతే, చెప్పినవాళ్ళ ఇంట్లో దీపం కూడా అట్లాగే ఆరిపోతుందని ఆ వైపు నమ్మకం. కోర్టులో బైబిలు, భగవద్గీత ముట్టుకుని బొంకినవాళ్ళు కూడా కర్పూరం దగ్గర నోరు కట్టేసుకుంటారు.

"ఆర్పుతా," అంది శ్రావణి. "కానీ అత్త గూడా ఆర్పాల."

రామలక్ష్మమ్మ తన కొంగు కొసను గుప్పిట్లో బిగించింది. "ఆర్పనా? నాకేం భయం?"

ఆ మాట చెప్పేముందు ఆమె ఒక్క క్షణం ఆలస్యం చేసింది. నాగజ్యోతి దాన్ని చూసింది గానీ పట్టించుకోలేదు. మనకు కావలసింది మాత్రమే చూసే కళ్ళకు ఇట్లాంటివి కనబడవు.

"ప్రమాణాలు సాయంత్రం చూద్దాం," అంది. "ముందు అమ్మకు సరైన పరీక్ష పెట్టిస్తా. చదువు రానోళ్ళకు వేరే ఉంటాదంట. అందులో అమ్మ బాగుందని తేలితే, నువ్వు సంచి సర్దుకో శ్రావణీ. తేలకుంటే అమ్మ పొయ్యి దిగుతుంది. సరేనా?"

"సరే వదినా."

ఆ పిల్ల అంత తేలిగ్గా సరే అనడం కూడా నాగజ్యోతికి అనుమానంగానే తోచింది.

* * *

ఆసుపత్రిలో పెద్దవాళ్ళను చూసే గది వరండా చివర ఉంది. పరీక్ష పెట్టే నర్సు పేరు కృపమణి. యాభై దాటిన మనిషి. బల్ల మీద ఓ చాట, ఓ తాళంచెవి, కొన్ని గుండీలు, పక్కన ఓ టీ ఫ్లాస్కు.

"ఏం పెద్దమ్మా, బాగుండావా? యా ఊరు మీది?"

"ఈ ఊరేమ్మా. బళ్ళారి చౌరస్తా కాడ రామలక్ష్మమ్మ హోటలంటే ఎవురైనా చెప్తారు. నువ్వు తినలేదా మా ఉగ్గాణి?"

"తినకుండా ఉంటానా!" కృపమణి నవ్వి, నాగజ్యోతి వైపు తిరిగింది. "మీరు టీచరు గదా. ఎనక కూర్చోండి. జవాబులు అందీయొద్దు."

నాగజ్యోతికి చిన్నతనమనిపించింది. అయినా వెనక కూర్చుంది.

"ఇప్పుడు పొద్దునా, మధ్యాన్నమా పెద్దమ్మా?"

"పదకొండయ్యుండాల. ఆ నీడ సూడు, ఇంగా గడప దాటలే."

నాగజ్యోతి గోడ గడియారం వైపు చూసింది. పదకొండుకు ఐదు తక్కువ.

"ఇప్పుడు ఏం కార్తె?"

"పునర్వసు. ఆరుద్రలో ఒగ వాన పడె, మళ్ళా చినుకు లేదు. శెనక్కాయ ఇత్తినోళ్ళు మొగులుకల్లా చూస్తాండారు."

కృపమణి క్యాలెండరు చూసుకుని మార్కు వేసింది. ఇరవైలో మూడు తీసేస్తూ పొమ్మంటే, పదిహేడు, పద్నాలుగు, పదకొండు అంటూ రామలక్ష్మమ్మ ఆగకుండా పోయింది. కాగితం కుడిచేత్తో తీసుకుని మడిచి ఒళ్ళో పెట్టుకోమంటే పెట్టుకుంది. నాగజ్యోతి గుండె ఉప్పొంగింది. తమ్ముడికి ఫోన్ చేసి ఇప్పుడే చెప్పేయాలనిపించింది.

"మూడు పేర్లు చెప్తా. మళ్ళా చెప్పల్ల. చాట, మేక, తాళంచెవి."

"చాట, మేక, తాళంచెవి. ఇదేం పరీక్షమ్మా, నా మనవరాలు గూడా చెప్తాది."

"మనసులో పెట్టుకో. మళ్ళా అడుగుతా. ఇప్పుడు గబగబ కూరగాయల పేర్లు చెప్పు."

"ఉల్లిగడ్డ, టమాటా, పచ్చిమిరపకాయ, కొత్తిమీర." రామలక్ష్మమ్మ ఆగింది. "ఉల్లిగడ్డ... టమాటా... పచ్చిమిరపకాయ."

"ఇంగా?"

"ఉల్లిగడ్డ."

ముప్ఫై అయిదేళ్ళుగా తెల్లారి మార్కెట్టుకు పోయి, బేరమాడి బుట్టలు దింపించుకున్న మనిషి. వంకాయ, బెండకాయ, చిక్కుడు, ఒక్కటీ రాలేదు. ఆ నాలుగు పేర్లే గానుగెద్దులా తిరిగి తిరిగి వస్తున్నాయి. నాగజ్యోతి తనకు తెలియకుండానే చేయెత్తి, గాలిలో పొడుగ్గా పొట్లకాయను చూపించింది.

"టీచరమ్మా, చెయ్యి కిందికి."

ఇరవై రెండేళ్ళలో ఎందరు పిల్లలకు ఆ మాట చెప్పిందో. నాగజ్యోతి చేయి దించుకుంది.

"పెద్దమ్మా, ఇందాక మూడు పేర్లు చెప్పినా గదా. ఏమేంది?"

"ఎప్పుడు చెప్పినావు?"

"ఇందాక."

"నువ్వేం చెప్పలేదు."

"ఒకటి జంతువు."

"కుక్క." రామలక్ష్మమ్మ నవ్వింది. ఆ నవ్వులో కాస్త పదును ఉంది. "ఇంట్లో నా కోడలు చేసేదీ ఇదే. దాచిపెట్టేది, మళ్ళా నన్నే యాడుందని అడిగేది. నువ్వూ అట్లదానివేనా?"

నాగజ్యోతికి క్షణంపాటు నిజంగానే అనుమానం వచ్చింది. ఈ నర్సమ్మకు శ్రావణి ముందే ఫోన్ చేసిందా? ఆ ఊహ నిలబడలేదు. చాట, మేక, తాళంచెవి అని తానే విన్నది. చాటా తాళంచెవీ ఇంకా బల్ల మీదే ఉన్నాయి, తల్లి కళ్ళెదుటే.

కృపమణి పెన్ను కింద పెట్టింది. "సరే పెద్దమ్మా, ఇది కాయితంలో లేదు. నేను అడుగుతాండా. ఉగ్గాణి ఎట్ల చేస్తావు? మొదటి నుంచి చెప్పు."

రామలక్ష్మమ్మ నిటారుగా కూర్చుంది. ముఖంలో వెలుగొచ్చింది.

"బొరుగులు జల్లించి, నీళ్ళల్లో ఒగ మునక ముంచి, గట్టిగా పిండి పక్కన పెట్టల్ల. రెండో మునక తగిలితే పనికి రావు. మూకుట్లో నూనె పోసి, ఆవాలు, కరేపాకు ఏసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ మగ్గనిచ్చి, పసుపేసి, టమాటా ఏసి..." చేతులు గాలిలో కలుపుతున్నాయి. "ఇంగ బొరుగులు నీళ్ళల్లో ముంచి, గట్టిగా పిండి..."

చేతులు ఆగాయి.

"గట్టిగా పిండి పక్కన పెట్టల్ల," అంది మళ్ళీ. గొంతు సన్నబడింది.

ఎవరో రెండోసారి నీళ్ళు పోస్తున్నారని ఊరంతా వినేట్టు అరుస్తున్న నోటితోనే, ఆ రెండో మునక బయటికొచ్చేసింది.

తల్లిని బయట కూర్చోబెట్టి వచ్చాక కృపమణి కాగితం తిప్పింది.

"ముప్ఫైకి పంతొమ్మిది."

"పదకొండు కన్నా ఎక్కువే గదా?" ఆ ఆశ నాగజ్యోతికే సిగ్గనిపించింది.

"ఎక్కువే. ఆ పదకొండు మీయమ్మకు తగిన పరీక్ష కాదు, మీరు చెప్పింది నిజం. కానీ పోయిన మార్కులు యాడ పోయినాయో చూడండి. ఇది జల్లెడ పట్టడం మాత్రమే టీచరమ్మా. జబ్బు పేరు నేను చెప్పగూడదు. డాక్టరు చూడాల, రక్తపరీక్షలు చేయాల. థైరాయిడో, విటమిను తక్కువో అయితే మందులతో తేరుకునేవాళ్ళుంటారు. ఊరికే ఆలస్యం మాత్రం చేయొద్దండి." ఆమె ఇంకో కాగితం తీసింది. "ఇది ఇంట్లోవాళ్ళకు. పదేండ్ల కిందట ఎట్లుండె, ఇప్పుడెట్లుండారు అని. పదారు ప్రశ్నలు. మీరు చెప్తారా?"

వస్తువులు ఎక్కడ పెట్టారో గుర్తుంటుందా? నాగజ్యోతికి తెలియదు. నిన్న జరిగిన మాట ఈరోజు గుర్తుంటుందా? తెలియదు. తెలిసిన పనులను వరసగా చేయగలరా? పొద్దుటి వరకు తెలుసనే అనుకుంది.

"ఆమెతో దినామూ ఉండేది ఎవరండీ?"

"మా మరదలు," అంది నాగజ్యోతి.

"సోమవారం ఆమెను తోడుకోని రండి. ఆమె చెప్పేదే మాకు కావాల."

* * *

రామలక్ష్మమ్మ సిమెంటు బెంచీ మీద కూర్చుని కొంగు కొస తడుముకుంటోంది. నాగజ్యోతి పక్కన కూలబడింది. అప్పుడు చూసింది ఆ కొంగును. కొసన ఆరో ఏడో ముళ్ళు.

మరిచిపోకూడని పని ఉంటే కొంగుకు ముడి వేసుకోవడం తల్లికి మొదటి నుంచీ అలవాటే. ఒకటి ఉండేది, మహా అయితే రెండు. పని కాగానే విప్పేసేది.

"ఇది దేనికి మా?"

రామలక్ష్మమ్మ ఆ ముడి వంక చూసింది.

"ఇది?"

"నాకు తెలుసు మా," అంది రామలక్ష్మమ్మ. ముడి గురించి కాదు ఆ మాట. "ఆ నీళ్ళు పోసేది నేనే."

నాగజ్యోతి పట్టుకున్న కొంగు కొస వదిలేసింది.

"పిండి పెట్టిన గుర్తుండదు. చూస్తే పొడిగున్నట్లే అగపడతాయి. నీళ్ళు పోస్తా. పోసినంక, చేతులకు తడి తగిలినంక గుర్తొస్తాది. అయ్యో అనుకుంటా. అప్పటికి అయిపోయింటాది."

"మరి శ్రావణి మీద ఎందుకేస్తివి?"

"ఎవురో ఒగరి మీద ఎయ్యల్ల గదా." ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నాగజ్యోతికి మొదట అర్థం కాలేదు. "నేనే అంటే ఇంగ పొయ్యి కాడికి రానిస్తారా? మీ నాయన పోయిన పదకొండు దినాలకు ముట్టించినా ఆ పొయ్యి. నీ చదువు, వాని పెండ్లి, అన్నీ ఆ పొయ్యి కాడనే. దాని కాడ నుంచి లేపేస్తే నేనెవురు మా?"

"వాళ్ళ నాయన వస్తాండాడు. ఆ పిల్ల ఇల్లిడిసి పోతాది."

"చిన్నది. తట్టుకుంటాది. నేను తట్టుకోలేను."

నాగజ్యోతికి తల్లి మీద జాలి, అసహ్యం ఒక్కసారే కలిగాయి. రెండింటిలో ఏది ముందో తెలియనంత దగ్గరగా కలిగాయి. ఏడవాలనిపించింది. నిలదీయాలనిపించింది. ఆ ముడతల చేయి తన చేతిలోకి వచ్చి గట్టిగా పట్టుకుంది.

"నా నెత్తిన చెయ్యి పెట్టి చెప్పు. ఈ మాట ఎవురికీ చెప్పనని."

"అమ్మా..."

"పెట్టు మా."

నాగజ్యోతి పెట్టింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరకే అనలేదు పెద్దలు. రామలక్ష్మమ్మ కూతురి చీర కొంగు అందుకుని, కొసన ఓ ముడి వేసి, పళ్ళతో లాగి బిగించింది.

"మర్చిపోవద్దు," అంది.

ఇంటికి వెళ్ళే ఆటోలో తల్లి పొద్దున టీ తాగలేదని రెండుసార్లు చెప్పింది. ఆసుపత్రి బయట ఆమె తాగిన టీ గ్లాసు నాగజ్యోతి తానే తీసుకెళ్ళి ఇచ్చేసింది.

* * *

సాయంత్రం ఐదింటికే షట్టరు దించేశారు. గుమ్మం పక్కన శ్రావణి సంచి ఉంది. ఆమె తండ్రి సుంకప్ప బెంచీ కొసన, తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇచ్చిన నీళ్ళు ముట్టలేదు.

"ఏం చెప్పినారక్కా?" ఓబుళేశు ఎదురొచ్చాడు.

"పంతొమ్మిదొచ్చినాయి," అంది నాగజ్యోతి.

"పదకొండు యాడ, పంతొమ్మిది యాడ!" అతని ముఖం విప్పారింది. "చెప్తి గదా, అమ్మ బాగుండాదని!"

నాగజ్యోతి చెప్పింది అబద్ధం కాదు. నిజమూ కాదు. మార్కుల వరకే చెప్పి ఆగిపోయిన టీచరును ఆమె తన బడిలో చూస్తే క్షమించేది కాదు.

"పంతొమ్మిదంటే పాసా వదినా, ఫెయిలా?" శ్రావణి అడిగింది.

"సోమవారం మళ్ళా రమ్మన్నారు."

"ఎవరిని?"

నాగజ్యోతి చెప్పులు విడవడానికి వంగింది.

"నా బిడ్డ దొంగ కాదప్పా," అన్నాడు సుంకప్ప నేల చూస్తూ. "ఆర్పమంటే ఆర్పుతాది. ఆర్పినంక గూడా మీరు నమ్మకుంటే తోడుకపోతా. మళ్ళా పంపను."

ఇత్తడి పళ్ళెంలో ఓబుళేశు కర్పూరం వెలిగించాడు. శ్రావణి ముందుకొచ్చింది. నెల రోజులుగా మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది.

"రెండోసారి నీళ్ళు పోసింది నేను కాదు. కానీ పిండింది మాత్రం నేనే. మూడు నెలలుగా దినామూ ఐదింటికి లేచి, ఆ నీళ్ళు పిండి, బొరుగులు గుడ్డ మీద ఆరబెట్టింది నేనే. ఈ పొద్దు గూడా పిండినా. వదిన చూసింది ఆ తడి చేతులే. నేను బజ్జీల కాడికి పోయినంక మళ్ళా నీళ్ళల్లో పడినాయి. నేను అందుకోలేకపోయిన దినాలే మీకు ముద్దలు దొరికింది."

అరచేయి మంట మీద పడింది. పొగ లేచింది. శ్రావణి చేయి తీసి, మెల్లగా చీరకు తుడుచుకుంది.

మూడు నెలలు! తొంభై పొద్దులు అత్త పరువును పిండి ఆరబెట్టిన పిల్లను నాగజ్యోతి దొంగ అంది. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మూడు నెలలా? ఎప్పుడూ చెప్పలేదే?" ఓబుళేశు గొణిగాడు.

"చెప్తే నమ్మింటివా?"

అతను తల్లి వైపు తిరిగాడు. ఇంకో బిళ్ళ వెలిగించాడు. నాగజ్యోతి గబుక్కున అడ్డం రాబోయింది. అమ్మ ఆర్పకూడదు. తెలిసి తెలిసి అబద్ధం మీద ఆర్పితే ఈ ఇంట్లో దీపం... ఇన్నేళ్ళుగా పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని పాఠం చెప్పిన మనిషి, తల్లి నెత్తిన చేయి పెట్టి వేసిన ఒట్టు గుర్తొచ్చి ఆగిపోయింది.

రామలక్ష్మమ్మ నిదానంగా వచ్చింది. తల్లి ముఖంలో భయం కోసం, కపటం కోసం నాగజ్యోతి వెతికింది. ఏమీ లేదు. కళ్ళు కడిగిన పలకలా తేటగా ఉన్నాయి.

"నేను ఒగసారే తడుపుతా. ముప్ఫై అయిదేండ్లుగా ఒగసారే. ఆ రెండో నీళ్ళు నేను పోయలేదు. పోసింటే ఈ చెయ్యి పడిపోనీ."

చప్పున కొట్టి ఆర్పింది. గొంతు వణకలేదు.

అప్పుడు తెలిసింది నాగజ్యోతికి. అమ్మ అబద్ధం చెప్పడం లేదు. సిమెంటు బెంచీ, అక్కడ అమ్మ చెప్పిన మాట, పెట్టించుకున్న ఒట్టు, అన్నీ ఆ చాట వెంట, మేక వెంట వెళ్ళిపోయాయి. ఆ నిజం ఇప్పుడు లోకంలో ఒక్క నాగజ్యోతి దగ్గరే ఉంది.

ఇద్దరు ఆర్పారు. ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. ఓబుళేశు పిచ్చివాడిలా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సుంకప్ప లేచి సంచి అందుకున్నాడు.

"ఆగు నాయనా," అంది శ్రావణి. మూడో బిళ్ళ తానే పళ్ళెంలో పెట్టి వెలిగించింది. దాన్ని రెండు చేతులా ఎత్తి నాగజ్యోతి ముందుకు తెచ్చింది.

"ఆస్పత్రిలో ఏం జరిగిందో, అత్త నీతో ఏమనిందో నాకు తెల్దు. వచ్చినప్పటి నుంచి నువ్వు నా మొగం చూడలేదు వదినా. ఏమీ లేదంటే నువ్వు గూడా ఆర్పు. నేను పోతా."

"ఆర్పు మా," అంది రామలక్ష్మమ్మ ధీమాగా, కూతురి పక్కకొచ్చి నిలబడి. "మనకేం భయం?"

నాగజ్యోతి చేయి లేవలేదు. తల్లి ఆమె భుజం నిమిరింది. నిమురుతూ నిమురుతూ కొంగు కొస దగ్గర ఆగి, దాన్ని వెలుగులోకి ఎత్తి చూసింది.

"ఇదేందే, నీ కొంగుకు ముడి? ఏం మర్చిపోగూడదని ఏసుకుంటివి?"